బావ సొరంగానికి భయపడలేదు

మా బంధువుల్లో ఏ శుభకార్యం జరిగినా, రెండో వడ్డన అయ్యేసరికి ఎవరో ఒకరు ఆ కథ ఎత్తుకుంటారు. జీవితమంతా బొగ్గు బాయిలో పనిచేసిన మనిషిని కూతురు విదేశం తీసుకెళ్తే, మంచు కొండ మీదికి పోయే రైలు సొరంగంలో దూరుతుందని చూసి, గుండెదడ పుట్టి, ప్లాట్‌ఫాం మీదే ఆగిపోయాడని. ఆ మనిషి మా అక్క భర్త. కథ చెప్పేవాళ్ళు ఆయన ఎదురుగానే చెబుతారు. ఆయన కూడా నవ్వి, పప్పు వేయమని విస్తరి వైపు చూపిస్తాడు.

ఆ కథ అబద్ధం. బావ భయపడలేదు. ఆయన టికెట్ నా సంచిలో పెట్టుకుని, నీకు టికెట్ రాలేదని చెప్పి, ఆయన్ను ప్లాట్‌ఫాం మీద వదిలేసి నేను రైలెక్కాను. పైకి వెళ్ళేలోపే ఆ కథ మొదటిసారి చెప్పింది కూడా నేనే.

బావది భద్రాచలం అడవి అంచున ఒక పల్లె. మీసాలు రాని వయసులోనే కొత్తగూడెం వైపు వచ్చి బాయి దిగాడు. మా వైపు బొగ్గు గనిని బాయి అనే అంటారు. భూమి లోపల పైకప్పు కూలకుండా దుంగలు, ఇనుప బోల్టులు కొట్టి నిలబెట్టే గ్యాంగులో ఆయన పని. కప్పు చప్పుడు వినే, అది నిలుస్తుందో పడుతుందో చెప్పేవాడని ఆయనతో పనిచేసినవాళ్ళు అంటారు. ఒకసారి కప్పు కూలి తోటి కార్మికుడు రాళ్ళ కింద చిక్కుకుంటే, మిగతా భాగం ఇంకా చిటపటమంటుండగానే లోపలికి పాకి అతని కాళ్ళు పట్టి లాక్కొచ్చాడు. ఉద్యోగం చివర్లో సత్తుపల్లిలో పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనికి బదిలీ అయి, అక్కడే ఇల్లు కట్టుకుని రిటైరయ్యాడు.

నాకూ ఆయనకూ మధ్య ఒక పాత ముచ్చట ఉంది. డిగ్రీ తప్పిన ఏడాది నేను ఇంట్లో ఖాళీగా ఉంటే, బావ ఒక కాంట్రాక్టర్‌తో మాట్లాడి నన్ను బాయిలో పనికి తీసుకెళ్ళాడు. నెత్తిన దీపం పెట్టుకుని ఆయన వెనకాల ఏటవాలు దారిలో దిగాను. పగటి వెలుగు వెనక నాణెమంత అయింది, తర్వాత అదీ పోయింది. ఎక్కడో పైన రాయి చిట్లిన చప్పుడు వినబడింది. అది రోజూ ఉండేదేనట. నాకు ఊపిరి ఆడలేదు. బావ చెయ్యి పట్టుకుని, వదలకుండా, ఏడుస్తూ పైకొచ్చాను. ఆ తర్వాత పరీక్ష రాసి ఖమ్మంలో ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా అయ్యాను. మళ్ళీ బాయి మొహం చూడలేదు.

బావకు ఆ ముచ్చట చెప్పడం ఇష్టం. బావా బామ్మర్దుల మధ్య ఎగతాళికి మా వైపు హద్దు లేదు. అది మర్యాద తప్పడం కాదు, చనువుకు గుర్తు. నా పెళ్ళిలో మా మామగారి ముందు చెప్పాడు. నా కూతురి ఓణీల ఫంక్షన్‌లో మా ఆఫీసర్ ముందు చెప్పాడు. "మా బామ్మర్ది బాయి దిగిండు సార్, ఎట్ల దిగిండో అట్లనే ఎక్కిండు. నడుమ నా చెయ్యి మాత్రం ఇడువలే." అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. ఇంటికొచ్చాక ఆ నవ్వు నాకు అరిగేది కాదు. ఆయన అందులో విషమేమీ పెట్టలేదని నాకు తెలుసు. తెలిసినా అరిగేది కాదు.

ఆయన దగ్గర లేనిది నా దగ్గర ఒకటే ఉండేది. మా ఇంట్లో రైలు టికెట్ల పని నాది. సత్తుపల్లికి బొగ్గు మోసే రైలు తప్ప మనుషులెక్కే రైలు లేదు. ఎవరు తిరుపతి పోవాలన్నా, కాశీ పోవాలన్నా, మధిరలోనో ఖమ్మంలోనో ఎక్కాలి. నేను కాలేజీ రోజుల్లో మధిర స్టేషన్ కౌంటర్ ముందు తెల్లారకముందే నిలబడేవాణ్ణి. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చోవడం వచ్చింది. ఏ రైలుకు వెయిటింగ్ ఎంత ఉంటే ఖరారవుతుందో, ఏ కోటాలో వేస్తే కింది బెర్తు వస్తుందో చుట్టాలంతా నన్నే అడుగుతారు. అందరి టికెట్లూ నా ప్లాస్టిక్ సంచిలోనే ఉంటాయి. బండి దగ్గరికొచ్చాకే ఎవరిది వాళ్ళకిస్తాను. అది మా ఇంటి పద్ధతి.

బావ రిటైరయ్యాక మేనకోడలు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న పిల్ల, అందరం స్విట్జర్లాండ్ వెళ్దామంది. తల్లిదండ్రులు, నేను, నా భార్య, తను. విమానం, హోటళ్ళు తను చూసుకుంటానంది. "రైళ్ళ సంగతి మాత్రం నీదే మామా. నువ్వుండగ నేను ముట్టుకుంటే నాన్న ఊకోడు" అంది.

అక్కకు మంచు చూడాలని. బావకు మంచు మీద ఆశ లేదు. ఆ కొండ రైలు వీడియో కూతురు ఫోన్‌లో చూపించినప్పుడు ఆయన చూసింది సొరంగాన్ని. రైలు కొండ కడుపులోకి దూరి, రాతి లోపలే పైకి ఎక్కి, శిఖరం దగ్గర మంచులో తేలుతుంది. వందేళ్ళ కింద తవ్విందట. బావ ఆ వీడియో మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నాడు. "మంచు ఫ్రిజ్జుల గూడ ఉంటది. వాళ్ళు గంత పొడుగు కప్పు ఎట్ల ఆపిన్రో ఒక్కసారి కండ్లతోటి చూడాలె" అనేవాడు. సత్తుపల్లి టీ కొట్టు దగ్గర పాత కార్మికులందరికీ చెప్పుకున్నాడు. వచ్చాక చెబుతానని మాటిచ్చాడు.

ఖమ్మంలో మా భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని బుకింగ్‌కు కూర్చున్నాను. మన దగ్గర టికెట్ అంటేనే సీటు. అక్కడ టికెట్ వేరు, సీటు వేరు. మామూలు రైళ్ళకు పాస్ ఉంటే చాలు, ఏ బండైనా ఎక్కొచ్చు. కొండ రైలుకు మాత్రం జనం ఎక్కువ కాబట్టి ఫలానా రోజు, ఫలానా బండి అని సీటు పట్టుకోవాలి. ఆ సంగతి అర్థం కావడానికే నాకు రెండు ఆదివారాలు పట్టింది. నా కార్డు విదేశాల్లో పనిచేయదని సైటు మొదట తిప్పికొట్టింది. బ్యాంకుకు వెళ్ళి దాన్ని తెరిపించుకున్నాను. రెండోసారి ఓటీపీ కూడా అడగకుండానే డబ్బులు పోయాయి. మోసపోయానేమోనని చెమటలు పట్టాయి. అంతలోనే మెయిల్ వచ్చింది. ఐదు సీట్లూ ఖరారు, ఎదురెదురుగా, ఒకే చోట. కిటికీ సీటు బావ పేరు మీద వేసింది నేనే. ఎవరూ చెప్పలేదు. అప్పుడు నా మనసులో చెడు ఏమీ లేదు. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

తర్వాతి ఆదివారం బావ కళ్ళ దవాఖానాకని ఖమ్మం వచ్చి మా ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. నా భార్య వంటింట్లో ఉంది.

"ఏం బామ్మర్ది, కొండ రైలు టికెట్లు అయినయా? లేకపోతే మధిర ప్యాసింజర్ లెక్క తలుపు కాడ ఏలాడుడేనా?"

"నాలుగు కన్ఫర్మ్ బావా. ఒకటి వెయిటింగ్‌ల ఉంది" అన్నాను.

"ఎవరిది?"

"నీదే."

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. ఆయన నవ్వు ఆపి ముద్ద కంచంలో పెట్టాడు.

"ఆ దేశంల గూడ వెయిటింగ్ ఉంటదా?"

"రైలన్నంక ఉండదా?"

"ఎంతుంది?"

"పన్నెండు."

"పన్నెండంటే అయితది గద?"

"సీజన్ బావా. చెప్పలేం. అక్కకు చెప్పకు, పరేషాన్ అయితది. మీ పాపకు అసలే చెప్పకు. నీకు లేదని తెలిస్తే మొత్తం క్యాన్సిల్ కొడతది."

"అవ్, అది గట్లనే చేస్తది" అన్నాడు.

ఆ దేశం రైళ్ళలో వెయిటింగ్ లిస్టు అనేదే లేదు. మా వాళ్ళలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. రైలు ఉన్నచోట వెయిటింగ్ ఉంటుందని, చార్టు తయారయ్యేదాకా ఎవరికి రాసిపెట్టి ఉందో తెలియదని, ఎండ కాయడం లాగా నమ్ముతారు. నేను చెప్పే మాటను బావ ఎన్నడూ అనుమానించింది లేదు. మరునాడు చెప్పేద్దామనే అనుకున్నాను. పొద్దున్నే ఆయనే ఫోన్ చేశాడు.

"బామ్మర్ది, నువ్వే జర చూడాలె."

ఆ గొంతు నాకు కొత్త. అక్కను చేసుకున్న నాటి నుంచి బావ నన్ను ఏదీ అడగలేదు. ఇచ్చేవాడే గాని అడిగేవాడు కాదు. ఆ మాట ఇంకోసారి వినాలనిపించింది. "చూస్తా బావా" అన్నాను.

అప్పటి నుంచి రెండు మూడు రోజులకోసారి ఫోన్ చేసేవాడు. అక్క వినకుండా ఇంటి వెనక్కి వచ్చి మాట్లాడేవాడు. వెనకాల కోళ్ళ చప్పుడు వినబడేది.

"రిటైర్ అయినోళ్ళకు కోటా గిట్ల ఏమన్న ఉంటదా?"

"అక్కడ మన యూనియన్ లేదు బావా."

"మరి టీటీని పట్టుకుంటే?"

"అక్కడోళ్ళు పైసలు తీసుకోరు."

"తీసుకోరా? మరెట్ల బతుకుతరు వాళ్ళు?"

ఫోన్ పెట్టాక నేను ఒక్కణ్ణే నవ్వుకునేవాణ్ణి. పన్నెండును తొమ్మిది చేశాను. తొమ్మిదిని ఏడు చేశాను. ఆయన సంబరపడ్డాడు. ఇంకో వారానికి మళ్ళీ ఎనిమిది అన్నాను. "వెయిటింగ్ పెరుగుడేంది?" అన్నాడు. "అక్కడ రూల్ వేరు" అన్నాను. "సరే, నువ్వైతే వదిలిపెట్టకు" అన్నాడు. ఒక మనిషిని చేతిలో పట్టుకుని నొక్కడం, వదలడం. నాకు అది బాగుండేది. ఇంతకంటే మంచి మాట దానికి నా దగ్గర లేదు.

రైలెక్కే తలుపు దగ్గర కాగితం చేతిలో పెట్టి, "చూసుకో బావా, కిటికీ సీటు" అని నవ్వించాలని నా లెక్క. జీవితాంతం చెప్పుకోవడానికి నాకూ ఒక ముచ్చట దొరుకుతుంది. విమానం ఎక్కేటప్పుడు కూడా అదే అనుకున్నాను.

అక్కడ మొదటి రోజులు మామూలు రైళ్ళలో తిరిగాం. వాటికి పాస్ చాలు కాబట్టి బావకు ఏ ఇబ్బందీ రాలేదు. సొరంగం వచ్చిన ప్రతిసారీ కిటికీకి మొహం ఆనించి గోడలు చూసేవాడు. కొండ రైలు రోజు పొద్దున హోటల్లో టిఫిన్ దగ్గర పక్క బల్ల మీద గుంటూరు వైపు కుటుంబం ఒకటి కలిసింది. తెలుగు మాట వినబడేసరికి బావకు ప్రాణం లేచొచ్చింది.

"మేం ఇయ్యాల సొరంగం రైలు ఎక్కుతున్నం. మా బామ్మర్దికి గూడ సొరంగాలంటే శానా ఇష్టం" అని మొదలుపెట్టి, మొత్తం ముచ్చట చెప్పాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి, "గోర్ల గుర్తులు ఇంక ఉన్నయి, చూడుండ్రి" అన్నాడు. గుంటూరు పెద్దమనిషి కాఫీ ఒలికేలా నవ్వాడు. మేనకోడలు నవ్వింది. నా భార్య నవ్వింది. నా భార్య నవ్వడం నేను చూశాను.

కొండ కింది నుంచి మధ్య స్టేషన్ దాకా పాస్ మీదే వెళ్ళాం. అక్కడ బండి మారాలి. అవతలి ప్లాట్‌ఫాం మీద ఎర్ర బండి నిలబడి ఉంది. దాని ముందు పట్టాలు కొంచెం దూరం పోయి, రాతిలోని నల్ల నోట్లోకి దూరుతున్నాయి. బావ నా పక్కన నడుస్తూ మెల్లగా అడిగాడు.

"చార్ట్ అయి ఉంటది గద ఈ పాటికి?"

"అయింది."

"అయితే?"

"చూద్దాం పద."

తలుపు దగ్గర యూనిఫాం వేసుకున్న ఒకావిడ టికెట్లు చూసి లోపలికి పంపుతోంది. అక్కకు, నా భార్యకు, మేనకోడలికి వాళ్ళ కాగితాలు ఇచ్చి ముందు ఎక్కించాను. నాది చేతిలో పట్టుకున్నాను. బావది సంచిలో ఉంది. జిప్పు తీస్తే అందుతుంది.

"కాలేదు బావా" అన్నాను.

ఆయన నా మొహం చూడలేదు. సొరంగం వైపు చూశాడు.

"కాలేదా."

"దొంగతనంగ ఎక్కుతానంటే నీ ఇష్టం. పట్టుకుంటే అందరినీ దింపుతరు."

"వద్దొద్దు. మీరు జల్దీ ఎక్కుండ్రి, తలుపు పడతది. మీ అక్కకు నేను చెప్త."

అక్క తలుపు దగ్గరికి తిరిగొచ్చింది. "ఏమయ్యా, ఎక్కవేంది?"

"నేను రాను. మీరు పోండ్రి."

"ఏమైందయ్యా?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. టికెట్ లేదంటే కూతురు కూడా దిగిపోతుంది, అక్క మంచు చూడదు, నా పని చెడిందని అందరి ముందూ నా పరువు పోతుంది. అందుకే ఆ మాట వెతుక్కున్నాడని నాకు అప్పుడే తెలుసు. ఎదురుగా నిలబడి చూస్తూనే ఉన్నాను.

"దడ అయితుందే. ఆ బొక్క చూస్తే కాళ్ళు వణుకుతున్నయి."

మేనకోడలు దిగబోయింది. "దిగినవంటే నా మీద ఒట్టు" అని గద్దించాడు. నేను ఎక్కాను. ఆ ఆవిడ నా కాగితం చూసింది. జిప్పు తీయడానికి అప్పటికీ వ్యవధి ఉంది. తలుపు మూసుకుంది.

బండి కదిలేటప్పుడు ఆయన చెయ్యి ఊపుతున్నాడు. కిటికీ సీటు ఖాళీగా ఉంది. నా భార్య దాని మీద అందరి కోట్లూ, జంతికల పొట్లం పెట్టింది.

"మామా, నాన్నకు ఎప్పుడు గిట్ల కాలేదు గద?" అంది మేనకోడలు, ఏడుపు గొంతుతో.

"వయసు, పాపా. భయపడ్డడు, అంతే" అన్నాను. అక్క మొహం చూసి, ఊరడించడానికన్నట్టు నవ్వి, "బాయి సొరంగం వేరే, విదేశం సొరంగం వేరే" అని కూడా అన్నాను. నా భార్య నవ్వింది. తర్వాత అక్క కూడా, మనసు రాకపోయినా, కొంచెం నవ్వింది. కథ అక్కడ పుట్టింది.

సొరంగంలోకి దూరాక నాకు ఒళ్ళంతా చెమట పట్టింది. కళ్ళు మూసుకుని సీటు అంచు పట్టుకున్నాను. బావ కోసం బాధపడుతున్నాననుకుని అక్క నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది. తాగాను.

పైన మంచు తెల్లగా, కళ్ళు తెరవలేనంతగా ఉంది. అక్క ఫొటో దిగనంది. "సిగ్గు తీసిండు. లోకమంత చెప్పుకొని వచ్చి" అంది. మంచును ఒకసారి కాలితో తొక్కి, లోపలికి వెళ్ళి కూర్చుంది. అక్క చూడాలనుకున్న మంచు అదే.

తిరిగి దిగేసరికి బావ ప్లాట్‌ఫాం బెంచీ మీద మంకీ క్యాప్ పెట్టుకుని కూర్చున్నాడు. అక్క మాట్లాడకుండా ముందుకు నడిచింది. ఆయన నన్ను వెనక్కి ఆపాడు.

"ఎట్లుంది లోపల? కప్పుకు బోల్టులు కొట్టిన్రా, సిమెంట్ పోసిన్రా?"

నేను కళ్ళు మూసుకుని వెళ్ళి, కళ్ళు మూసుకుని వచ్చాను. "సిమెంట్" అన్నాను.

"అంత దూరం సిమెంటేనా?" అని తల ఊపాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు. "నా కోసం శానా తిప్పలు పడ్డవ్ బామ్మర్ది. మీ అక్కకు చెప్పకు. నిన్ను అంటది."

ఆ కాగితాన్ని హోటల్లో చించి పారేశాను.

ఇంటికొచ్చాక కథ నా చేతుల్లో లేకుండా పోయిందని చెప్పుకోలేను. నా చేతుల్లోనే పెరిగింది. బావ స్తంభం పట్టుకుని వదల్లేదన్నది నేను కలిపిందే. సత్తుపల్లి టీ కొట్టు దగ్గరి పాత కార్మికులు, ఆయనతో ఎక్కిన బస్సు రైలు బ్రిడ్జి కిందికి రాగానే, "అన్నా, సొరంగమొస్తుంది, కండ్లు మూసుకో" అనేవాళ్ళు. కొన్నాళ్ళకు ఆయన టీ కొట్టుకు పోవడం మానేశాడు. ఇంట్లో గొంతు పెంచితే అక్క, "సొరంగం కాడ యాడవాయె ఈ నోరు?" అనేది. అప్పుడు గొంతు తగ్గించేవాడు. ఒకరోజు నా ఎదురుగానే అలా జరిగింది. నేను గ్లాసు ఎత్తి టీ తాగాను.

నా బాయి ముచ్చట చెప్పడం ఆయన పూర్తిగా మానేశాడు. ఎవరైనా గుర్తుచేస్తే, "నేనేం తక్కువ తిన్న?" అని నవ్వేవాడు. నేను కోరుకున్నది నాకు దక్కింది. కొన్నేళ్ళపాటు హాయిగా ఉన్నాను. పశ్చాత్తాపం వెంటనే వచ్చిందని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది.

మేనకోడలికి మధిర వైపు సంబంధం కుదిరింది. నిశ్చితార్థం రోజు పెళ్ళికొడుకు చిన్నాన్న, హుషారైన మనిషి, అందరూ వింటుండగా అన్నాడు.

"మీరేం బెంగపెట్టుకోకండి బావగారూ. సత్తుపల్లి నుంచి మా ఊరికి రోడ్డే. మధ్యలో సొరంగాలేం లేవు."

పందిరంతా నవ్వింది. బావ నవ్వాడు. కొత్త చుట్టం మాట కాబట్టి ఇంకొంచెం గట్టిగా నవ్వాడు. తర్వాత లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. ఆయన ఇంకా భోజనమే చేయలేదు. కుళాయి కింద పొడి చేతులు రుద్దుకుంటూ అలాగే నిలబడ్డాడు. పెళ్ళికూతురు అలంకరణలో ఉన్న మేనకోడలు తండ్రి వీపు చూస్తోంది. ఇక ఈ కథ ఆ పిల్ల అత్తగారింట్లో కూడా ఉంటుందని నాకప్పుడు అర్థమైంది. దాని పిల్లలకు తాత అంటే ఇదే అవుతుంది.

మరుసటి వారం పగటిపూట సత్తుపల్లి వెళ్ళాను. అక్క, బావ, మేనకోడలు ముగ్గురూ ఉన్నారు. వరండాలో పసుపు కొమ్ములు ఆరబోసుకుని కూర్చున్నారు. కుర్చీ మీద కూర్చోకుండానే మొత్తం చెప్పాను. వెయిటింగ్ లేదని, టికెట్ మొదటి రోజునే ఖరారైందని, కిటికీ సీటని.

బావకు కోపం వస్తుందనుకున్నాను. ఆయన మొహంలో వచ్చింది కోపం కాదు, లెక్క సరిచూసుకుంటున్న మనిషి మొహం అది.

"అప్పుడు కాగితం నీ సంచిలనే ఉన్నదా?"

"ఉంది."

"నేను రానన్నప్పుడు?"

"ఉంది."

"బండి కదిలినంక గూడ?"

"అవ్ బావా."

"నేనేమో నువ్వు నా కోసం తిరిగి తిరిగి అలసిపోయినవనుకున్న" అన్నాడు. అంతకాలం ఆయన దాచుకున్నది అదొక్కటే. లోకమంతా నవ్వినా, బామ్మర్ది తన కోసం పాటుపడ్డాడన్న మాట. నిజం చెప్పి దాన్ని కూడా లాక్కున్నాను.

అక్క ఆయన వైపు తిరిగింది. "నాకెందుకు చెప్పలే? ఇన్నేండ్లు నేను నిన్ను ఎన్ని మాటలన్న? ఒక్కసారన్న చెప్పలేవా?"

"చెప్తే వీన్ని తిట్టేదానివి" అన్నాడు బావ.

అక్క చేతిలోని చాట కింద పెట్టింది. నా వైపు చూడలేదు. "లేచి పోరా" అంది. అప్పటికి నేను నిలబడే ఉన్నాను.

గేటు దాకా బావ వచ్చాడు. క్షమించమని అడిగాను. "నాకు చెప్తే ఏమొస్తది? నవ్వినోళ్ళకు చెప్పుండ్రి" అన్నాడు. ఆయన నన్ను 'చెప్పు' అనకుండా 'చెప్పుండ్రి' అనడం అదే మొదటిసారి.

పెళ్ళిలో చెప్పాలని నిర్ణయించుకున్నాను. ఆ చిన్నాన్న భోజనాల వరుసలో ఎలాగూ మొదలుపెడతాడని తెలుసు. పెట్టాడు. బావ ఎదురు వరుసలో కూర్చుని ఉన్నాడు. నేను లేచి నిలబడి, అందరికీ వినబడేలా చెప్పాను. టికెట్ ఉందని, నేనే దాచానని, ఆయన నన్నూ ఇంటి ఆడవాళ్ళనూ కాపాడటానికి భయం అని అబద్ధమాడాడని.

చిన్నాన్న తొడ చరుచుకున్నాడు.

"అబ్బబ్బా! వెయిటింగ్ లిస్టంట! స్విట్జర్లాండ్‌లో వెయిటింగ్ లిస్టంట! బామ్మర్దంటే ఇట్లా ఉండాలండీ! అక్కడ దాకా తీసుకెళ్ళి దింపేశాడయ్యా!"

వరుస మొత్తం విరగబడి నవ్వింది. పెరుగు పోసే మనిషి గరిట పట్టుకుని నవ్వుతున్నాడు. "మరి భయపడ్డం గూడ నిజమేనా, అది గూడ నువ్వే కల్పించినవా?" అని మా పెదనాన్న కొడుకు అరిచాడు. నేను కాదు కాదంటూ మళ్ళీ మొదలుపెట్టాను. నేను ఎంత గట్టిగా చెబితే అంత నవ్వారు. బావ పరువు కాపాడటానికి బామ్మర్ది కొత్త కథ అల్లాడని ఒకరు, కాదు, ఇద్దరూ కూడబలుక్కుని పెళ్ళిలో నాటకం వేస్తున్నారని ఒకరు. చాలామంది నమ్మలేదు. నమ్మినవాళ్ళకు అది విని ఇంకా బాగా నవ్వొచ్చింది.

బావ తల ఎత్తాడు.

"కూసోండ్రి సార్" అన్నాడు. "అందరు తింటున్నరు."

కూర్చున్నాను. అక్క వడ్డిస్తున్న గిన్నె బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.